మూల మంచం పిలుపు

మా ఆడపడుచు ఆసుపత్రిలో పని చేస్తుందంటే చాలు, చుట్టాలు నాడి చూడమని చెయ్యి చాపుతారు. తను డాక్టరు కాదు, నర్సూ కాదు, ఆసుపత్రి నిర్వహణ చదివిన మేనేజరు. "మందివ్వడం రాదు, సూది వెయ్యడం రాదు, మరి నీకు జీతం దేనికే?" అని మా ఆయన చెల్లెల్ని ఏడిపిస్తుంటారు. "డాక్టర్లు రోగిని చూస్తారన్నయ్యా, నేను ఆసుపత్రిని చూస్తాను. దానికీ జబ్బులొస్తాయి," అంటుంది. ఆ మాటకు నేనూ నవ్వేదాన్ని, మూల మంచం సంగతి తెలిసేదాకా.

ఆడవాళ్ళ వార్డులో చిట్టచివరి మంచం అది. మా అత్తగారు దాని మీదే పోయారు. నిద్రలోనే ప్రాణం పోయిందన్నారు, నమ్మాం. అప్పటికింకా చదువుకుంటున్న ఆడపడుచు, తర్వాత ఇన్ని ఆసుపత్రులుండగా ఏరికోరి అక్కడే ఉద్యోగంలో చేరింది. వద్దే అంటే వింటుందా? మొండితనంలో తల్లికి తగ్గ కూతురు.

చేరాక తెలిసింది, ఆ మంచం ఎక్కినవాళ్ళు తరచూ పోతున్నారని. రేపోమాపో ఇంటికెళ్ళాల్సినవాళ్ళు కూడా. తను ఎవరి కూతురో తెలియని నర్సులు గుట్టుగా చెప్పారు. "అక్కడో ముసలావిడ దెయ్యం ఉంది మేడం. 'ఎవరమ్మా అక్కడ?' అని పిలుస్తుంది. పలికితే ఇక అంతే."

ఆ పిలుపు ఎవరిదో వేరే చెప్పాలా? ఇంట్లో గిన్నె చప్పుడైతే చాలు, మా అత్తగారు అలాగే కేకేసేవారు. నాకూ ఆవిడకూ ఉప్పూ నిప్పూ. అయినా ఒట్టేసి చెప్తున్నాను, చీమకు కూడా హాని తలపెట్టే మనిషి కాదు, నోరే పెద్దది. అలాంటి మనిషిని పట్టుకుని జనాన్ని మింగుతోందంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"అమ్మ మీద ఈ నింద పోవాలి వదినా. మంచం తీయించేస్తే నిందే నిజమైపోతుంది," అంది ఆడపడుచు.

ఒక మధ్యాహ్నం, చూడ్డానికొచ్చినవాళ్ళంతా వెళ్ళాక, ఖాళీగా ఉన్న ఆ మంచం మీద ఎవరికీ చెప్పకుండా పడుకుంది. పడుకోగానే సగం అర్థమైంది. దుప్పట్ల బీరువా అడ్డం. నర్సుల బల్ల దగ్గర్నుంచి ఈ మంచం కనిపించదు. చెయ్యి ఊపింది. ఎవరు చూస్తారు? చివరికి "ఎవరమ్మా అక్కడ?" అని పిలిచింది.

బల్ల దగ్గర మాటలు ఠక్కున ఆగిపోయాయి. ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచింది. లేచి బీరువా దాటి చూస్తే, ఒక నర్సు గోడకు అతుక్కుపోయి, చెవులు మూసుకుని వణుకుతోంది.

అంటే, వాళ్ళకు వినబడుతూనే ఉంది. ఊపిరాడక పిలిచిన వాళ్ళందర్నీ దెయ్యమనుకుని వదిలేశారు. అసలు ఆ మంచం మీద పోయిన ముసలావిడ సంగతేమిటని అడిగితే పెద్ద నర్సు తల దించుకుంది. "రోజంతా పిలుస్తూనే ఉండేది మేడం. ఆ రోజు కూడా పిలిచింది. ఎప్పుడూ ఉండేదే కదా అనుకున్నాం."

"అమ్మ నిద్రలో పోలేదు వదినా," అని నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది ఆడపడుచు. నేనూ ఏడ్చాను. మా ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.

మర్నాడే బీరువా తీయించి, నర్సుల బల్లను మూల మంచానికి ఎదురుగా వేయించింది. ఎవర్నీ ఉద్యోగంలోంచి తీయలేదు. "తీసి పారెయ్యవే!" అని గొడవపడ్డాను. "వీళ్ళు పోతే కొత్తవాళ్ళొస్తారు. భయం మాత్రం ఇక్కడే ఉంటుంది," అంది. అందర్నీ కూర్చోబెట్టి ఒకటే నియమం పెట్టింది. పిలుపు వినబడితే వెళ్ళాలి. దెయ్యమే పిలిచినా సరే, వెళ్ళి ఏం కావాలో అడగాలి.

ఇప్పుడు ఆ మంచం ఎక్కినవాళ్ళు నడుచుకుంటూ ఇంటికెళ్తున్నారు. మొన్న, ఆనాడు గోడకు అతుక్కుపోయిన నర్సే పాలిపోయిన మొహంతో మా ఆడపడుచు గదికి వచ్చిందట.

"మూల మంచం నుంచి పిలిచారు మేడం. వెళ్ళాను."

"ఎవరున్నారు ఈ రోజు?"

"ఎవరూ లేరు. ఖాళీ."

ఆడపడుచు కుర్చీలోంచి లేచింది. "ఏం కావాలంది?"

"మంచినీళ్ళు. గ్లాసుతో పెట్టి, కాసేపు పక్కనే కూర్చుని వచ్చాను."

నేను దెయ్యాల్ని నమ్మను. కానీ ఆ పిల్ల కడుపు చల్లగా ఉండాలి, మా అత్తగారు అడిగితే నీళ్ళిచ్చింది.