కంప్యూటర్ డబ్బా మీద బొట్టు

దయ్యాలున్నాయని చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. పెళ్లయిన కొత్తలో మా అత్తగారి ఊరు కార్వేటినగరంలో, పాత కోటలో గజ్జెల చప్పుడు వినబడుతోందని అందరూ చెబుతుంటే, పట్టపగలు వెళ్లి చూసి వచ్చినవాణ్ణి నేను. విరిగిన కిటికీ రెక్కకు గొలుసొకటి వేలాడుతూ గాలికి ఊగుతోంది. అదీ గజ్జెల కథ. ఆ సంగతి చెబితే ఒక్కరూ సంతోషించలేదు. ఊళ్లో ఉన్న ఒక్క దయ్యాన్నీ పోగొట్టానని మా బావమరిది రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగాడు.

బళ్లో నేను చదివింది ఐదో తరగతి. మిగతాదంతా పొట్లాల కాగితాలు, పాత పత్రికలు, నిఘంటువు దగ్గర పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నది. రంగు డబ్బాలతో ఇచ్చే ఇంగ్లీషు పుస్తకాల్ని అక్షరం వదలకుండా చదివి పని నేర్చుకున్నాను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, చదువులేని ముసలాడు ఏదో చూసి భ్రమపడ్డాడని ఎవరూ అనుకోకూడదు. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

ఎనభైల చివర్లో మాట. తిరుపతిలో కొర్లగుంట దగ్గర మా ఇల్లు. ముందు అరుగు, అరుగు మీదికి తెరుచుకునే చిన్న గది, వెనక వంటిల్లు. అరుగు వైపు ఒక్క తలుపే ఉన్న ఆ చిన్న గదే నా కార్ఖానా. సైకిళ్లు, ట్రంకు పెట్టెలు, ఇనుప బీరువాలు అక్కడే రంగు పూసుకుని బయటికి వెళ్లేవి.

బీరువా అంటే అమ్మ గుర్తుకొస్తుంది. అమ్మ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు.

మా ఇంట్లో తయారైన ఏ వస్తువైనా సరే, అమ్మ బొట్టు పెట్టకుండా గడప దాటేది కాదు. ముందు గంధం చుక్క, దాని మీద కుంకుమ. కుంకుమ కూడా అంగడిది కాదు. పసుపు కొమ్ముల్ని నిమ్మరసంలో, వెలిగారంలో నానబెట్టి, ఎండబెట్టి, తానే దంచుకునేది. అది ముదురు రంగులో ఉండేది, దగ్గరికి పోతే నిమ్మ వాసన వచ్చేది. ఆమె ఉంగరపు వేలు చిన్నప్పుడెప్పుడో కొడవలికి తెగి, వంకర తిరిగి అతుక్కుంది. అందుకని ఆమె పెట్టే బొట్టు గుండ్రంగా ఉండేది కాదు. చింతగింజలాగా ఒక పక్కకు సాగేది.

ఒకసారి చిత్తూరు నుంచి ఒక పెళ్లివారి బీరువా వచ్చింది. చివరి పూత వేసి, ఇంకా పచ్చిగా ఉండగా నేను స్నానానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి తలుపు నడిమధ్యన బొట్టు. పచ్చి రంగులో వేలు దిగబడింది, గంధం కలిసిపోయింది. తుడిస్తే ఇంకా పాడయింది. బీరువా తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు వాకిట్లో నిలబడి చూస్తున్నారు.

వాళ్ల ముందే అమ్మను నానా మాటలూ అన్నాను. "నీ బొట్టు తగలెయ్య! గుడ్డిదానివా? నీ సెయ్యి పడితే ఏదీ బాగుపడదు" అన్నాను. ఇన్నేళ్ల తర్వాత ఆ మాట ఇక్కడ రాయడానికి కూడా చేతులు రావడం లేదు.

ఆమె కొంగుతో వేలు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నా పని మీద ఒక్క బొట్టు కూడా పెట్టలేదు. చివరి పూత అయినప్పుడల్లా గది బయట నిలబడి, "ఆరిండాదా నాయనా?" అని మాత్రం అడిగేది. ఆరింది, పెట్టమ్మా అంటే, "వద్దులే నాయనా, నా సెయ్యి మంచిది కాదు" అని నవ్వి వెళ్లిపోయేది. నవ్వుతూ అనేది కాబట్టి నేను పట్టించుకోలేదు. అలాగే కొన్నేళ్లు గడిచాయి. ఆమె పునిస్త్రీగా పోయింది. తాను దంచుకున్న కుంకుమ, భరిణెతో సహా ఆమెతోనే పంపించాం. ఆ తర్వాత మా ఇంట్లో కుంకుమ దంచినవాళ్లు లేరు.

అమ్మ పోయిన నాలుగేళ్లకు సుధాకర్ అనే కుర్రవాడు నా దగ్గరికి వచ్చాడు. పట్టభద్రుడు. బజారులో మేడ మీద గది తీసుకుని కంప్యూటర్ నేర్పే బడి పెడుతున్నాడు. మద్రాసు నుంచి యంత్రం తెప్పిస్తుంటే తడ దగ్గర లారీ చెడిపోయింది. వానలో సామానంతా వేరే లారీలోకి మార్చారట. కంప్యూటర్ ఇనుప డబ్బా నిండా గీతలు, మూలల్లో తుప్పు. లోపలి సామాను విప్పి దాచుకుని, ఖాళీ డబ్బాను పంచెలో చుట్టి సైకిల్ మీద తెచ్చాడు. నాలుగో రోజు పొద్దున్నే ప్రారంభం. మద్రాసుకు తిప్పి పంపడానికి వ్యవధి లేదు.

"ఇది సైకిల్ కాదు మేస్త్రీ" అన్నాడు. "అద్దం మాదిరి మెరవాల. నీతో అవుతాదా?"

నాకు ఒళ్లు మండింది. వాకిట్లో నలుగురు ఉన్నారు. "మూడో రోజు సాయంత్రం ఐదింటికి వచ్చి నీ ముఖం సూసుకో. నీ వేలిముద్ర పడిందంటే ఆ రోజు నుంచి నేను బ్రష్ పట్టను" అన్నాను.

మాట తొందరపడి అన్నానని అప్పుడే తెలుసు. ఆ పనికి ఐదు రోజుల ఎండ కావాలి.

మొదటి రోజు గరుకు కాగితంతో తుప్పు గీకి, కిరసనాయిలుతో తుడిచి, ఎర్ర పూత వేశాను. రెండో రోజు గీతల్లో లప్పం నింపి, నీళ్లతో నున్నగా రుద్ది, మొదటి రంగు వేశాను. తెలుపులో చుక్క పసుపు, చుక్క నలుపు కలిపితే వచ్చే రంగు. మా ఆవిడ కాంతమ్మ అప్పటికే ఒక శ్రీమంతానికి కార్వేటినగరం వెళ్లి ఉంది. నాన్న అంతకు ముందే కాలం చేశాడు. ఇంట్లో నేనొక్కణ్ణే.

మూడో రోజు తెల్లవారేసరికి ముసురు పట్టింది. ఆశ్వయుజంలో తిరుపతి ముసురు సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, కొండ కూడా కనబడదు. అయినా మాట ఇచ్చాను కదా. దుమ్ము లేవకుండా గది మట్టి నేలంతా తడిపాను. కిటికీకి తడి చీర కట్టాను. గుడ్డ నూలు రాలుతుందని గోచీతో నిలబడ్డాను. రంగు డబ్బాను వేడినీళ్లలో కూర్చోబెట్టి, పలుచన చేసి, చివరి పూత వేశాను. బ్రష్ గీత ఒక్కటి కనబడితే ఒట్టు. నా జన్మలో అంత బాగా వేయలేదు.

మా పనిలో ఒక పద్ధతుంది. అదే రంగు డబ్బాలోంచి ఒక రేకు మూతకు కూడా రంగు వేసి పక్కన పెట్టుకుంటాం. ఆరిందో లేదో చూడటానికి ఆ మూతనే ముట్టుకుంటాం. అసలు వస్తువును ముట్టుకోం. ఆ మూతను గాలి తగిలేలా అరుగు మీద పెట్టాను. గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. పిల్లి దూరినా, గాలికి తలుపు కదిలినా, నా పని అయిపోయినట్టే.

ఎదురింటి సుబ్బరామయ్య పంతులు కూడా వానకు ఎక్కడికీ పోలేక ఆయన అరుగు మీదే ఉన్నాడు. మధ్యాహ్నం దాకా నన్ను చూసి చూసి, "ఏమప్పా మేస్త్రీ! పురుడు పోసే గది కాడ మొగుడు కూసున్నట్టు కూసున్నావే! ఆడా మగా?" అని కేకేశాడు.

"ఇంకా నొప్పులే అయ్యోరా" అన్నాను. బొరుగులు నములుతూ ఇద్దరం నవ్వుకున్నాం. కానీ నాకు లోపల నవ్వు లేదు. పదకొండింటికి మూత ముట్టుకుంటే జిగట. రెండింటికి జిగట. గదిలో బొగ్గుల కుంపటి పెడదామా అనిపించింది. మసి పడితే మెరుపు చస్తుంది. ఊరుకున్నాను.

నాలుగున్నరకు మూత మీద బొటనవేలు గట్టిగా ఆనించాను. ముద్ర పడింది, చర్మం గీతలతో సహా. మూసి ఉన్న గదిలో, తడి నేల మీద, లోపలిది ఇంకా పచ్చిగా ఉంటుంది. ఇందులో అనుమానం లేదు. సుధాకర్ ఇంకో అరగంటలో వస్తాడు. సరే, బ్రష్ కింద పెట్టే రోజు వచ్చిందనుకున్నాను. పంచె కట్టుకుని, తాళం తీశాను.

తలుపు తెరవగానే కనబడింది. డబ్బా ముందు అంచున, కాస్త ఎడమగా, బొట్టు.

ఒక్క క్షణం నాకు పాత బీరువానే కళ్ల ముందు నిలిచింది. దగ్గరికి వెళ్లి వంగి చూశాను. గంధం ఇంకా చెమ్మగా ఉంది. దాని మీద కుంకుమ ముదురు రంగులో, చింతగింజలాగా ఒక పక్కకు సాగి ఉంది. గదిలో రంగు వాసన ముక్కు పగిలేట్టు ఉన్నా, ఆ చోట మాత్రం నిమ్మ వాసన తగిలింది.

భయపడ్డానా అని అడుగుతారు. లేదు. బొట్టు పక్కన వేలు పెట్టాను. గాజును ముట్టుకున్నట్టుంది. గట్టిగా నొక్కాను. ఏమీ పడలేదు. గోటి కొనతో బొట్టు అంచును కొంచెం ఎత్తి చూశాను. కింద రంగు చెక్కు చెదరలేదు. వేలు దిగిన గుంట లేదు, గంధం కలిసిన మచ్చ లేదు. అందులో నా ముఖం కనబడింది, గడ్డం వెంట్రుకలతో సహా.

తడి నేల మీద నా అడుగులు తప్ప వేరే అడుగులు లేవు. కిటికీ ఊచలు, తడి చీర ఎక్కడివక్కడే ఉన్నాయి. పూజ అర దగ్గరికి వెళ్లి కాంతమ్మ భరిణె తీసి చూశాను. అందులో ఉన్నది బజారు కుంకుమ, మిరపపండు రంగు.

సుధాకర్ వచ్చాడు. వేలితో నొక్కి చూశాడు. ముఖం చూసుకుని తల దువ్వుకున్నాడు కూడా. "అబ్బా! మద్రాసోళ్లు కూడా ఇట్ల సెయ్యలేరు మేస్త్రీ" అన్నాడు. తర్వాత, "కంప్యూటర్‌కి బొట్టేందబ్బా, తుడిసేద్దామా?" అన్నాడు.

"ముట్టుకున్నావంటే డబ్బా ఇయ్యను" అన్నాను. నా గొంతు విని ఊరుకున్నాడు.

మర్నాడు ప్రారంభానికి నన్నూ పిలిచాడు. కాంతమ్మ కార్వేటినగరం బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చింది. నేను ఆమెకు ఇంకా ఏమీ చెప్పలేదు. జనంలోంచి తొంగిచూసి, నిలబడిపోయింది. నా చెయ్యి పట్టుకుని, "మామా, అది అత్త పెట్టే బొట్టు గదా! కుంకం యాడిది?" అంది. ఔనన్నట్టు తలూపాను.

దీనికి జవాబులు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. కునుకు తీసి ఉంటావన్నారు. నేను కునుకు తీస్తే సుబ్బరామయ్య పంతులు నోరు ఊరుకునే రకమా? పైగా తలుపుకు ఆనుకున్నది నా వీపే. నువ్వే పెట్టి మరిచిపోయావన్నారు. నా ఉంగరపు వేలు తిన్నగానే ఉంది, వచ్చి చూసుకోండి. రసాయనిక చర్య అన్నాడు ఒక చదువుకున్న మహానుభావుడు. ఏ రసాయనం గంధం తీసి, కుంకుమ అద్దుతుందో ఆయన పుస్తకంలో చూపిస్తే నేను కూడా చదువుకుంటాను.

దయ్యమని మాత్రం ఎవరూ నా ముందు అనలేదు. అననివ్వను కూడా.

కొన్నేళ్లకు ఆ యంత్రం పాతబడింది. సుధాకర్ డబ్బాను తెచ్చి నాకే ఇచ్చేశాడు. బొట్టు ఎప్పుడో రాలిపోయింది. మెరుపు ఇప్పటికీ ఉంది. దాని మీద ఆ రేకు మూతను కూడా పెట్టుకున్నాను. ఒకే డబ్బా రంగు, ఒకే పొద్దున, ఒకే చేత్తో వేసింది. మూత మీద నా బొటనవేలి ముద్ర ఉంది. డబ్బా మీద ఏ ముద్రా లేదు.

ఆ ముసురులో అది ఎలా ఆరిందో, మూసిన తలుపు దాటి ఎవరు వచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు నటించడం నా వల్ల కాదు. నాకు తెలిసిందల్లా ఒకటే. ఆ తర్వాత పని మానేసేదాకా, ప్రతి చివరి పూత తర్వాతా గది బయట నిలబడి, ఎవరూ అడగకపోయినా, "ఆరిండాదమ్మా, పెట్టు" అని చెప్పేవాణ్ణి.

మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు. ఆ ఒక్కసారి మాత్రం, ఆరేదాకా ఆగి పెట్టింది.