వెళ్ళొస్తామని చెప్పని వాళ్ళు

మా అన్నయ్య కాలు పోయిన సంగతి నాకు గణపవరంలో మా అత్తవారింట్లో ఉండగా తెలిసింది. కబురు తెచ్చిన మనిషి ముందు మంచినీళ్ళు అడిగాడు. తాగాక నాట్లు అయ్యాయా అని అడిగాడు. మా అత్తగారి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాడు. మా వైపు మర్యాద అలాంటిది. చెడ్డ కబురు తెచ్చినవాడు దాన్ని నోట్లోనే నానబెట్టుకుని, అవతలివాళ్ళకు ప్రాణం గొంతులోకి వచ్చేదాకా బయటపెట్టడు. "ఏం జరిగిందో చెప్పండి బాబూ, మీకు పుణ్యముంటుంది!" అని నేను అరిస్తే గాని చెప్పలేదు. నాది పెద్ద నోరని అత్తవారింట్లో అప్పటికే పేరుంది. ఆ రోజుతో అది స్థిరపడిపోయింది.

అన్నయ్య తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో ఇంజను డ్రైవరు. తిరుగుతున్న ఇంజనుకు నూనె పోస్తూ ఉంటే పంచె కుచ్చెళ్ళు బెల్టులో చిక్కుకున్నాయట. ఎవరో పరుగెత్తుకొచ్చి ఇంజను ఆపేలోగానే కాలు నుజ్జయిపోయింది. తోటి పనివాళ్ళు రైలెక్కించి ఏలూరు ఆసుపత్రికి చేర్చారు. అక్కడ మోకాలి పైదాకా తీసేశారు. ఇదంతా అయిపోయాకే నాకు కబురొచ్చింది. అంతకుముందు వారమే ఆ పంచె మీద అమ్మ వాడితో పోట్లాడిందట, మిల్లులో నిక్కరు వేసుకోరా అని. పెళ్ళయిన మగవాడు నిక్కరు వేసుకుని తిరుగుతాడా అని వీడు నవ్వాడట.

నేను ఏలూరు వెళ్ళేసరికి అన్నయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వదిన పక్కన నేలమీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. ఏడుపు అయిపోయిన మొహం అది. డాక్టరు మమ్మల్ని వరండాలోకి పిలిచి, "గాయం మానుతోందమ్మా. కాని ఆయన తినడం లేదు. ఇలాగే ఉంటే గాయం మాని కూడా లాభం లేదు. ఇంటికి తీసుకెళ్ళండి, అయినవాళ్ళ మధ్య ఉంటే తింటాడేమో" అన్నాడు. ఆయన మంచివాడే. అయినవాళ్ళంటే ఎవరో, వాళ్ళ వల్ల ఏం జరుగుతుందో ఆయనకేం తెలుసు?

బండి మీద కొల్లేటి ఒడ్డుదాకా తెచ్చి, అక్కడినుంచి పడవలో మా లంకకు చేర్చాం. నాన్న లేని ఇల్లు. అమ్మ వసారాలో, నీళ్ళు కనబడేలా నులకమంచం వేయించింది. చిన్నప్పటి నుంచి వాడికి ఆ నీళ్ళంటే ఇష్టం. ఇప్పుడు మాత్రం కళ్ళు మూసుకునే ఉండేవాడు. అమ్మ బీరకాయ కూర కలిపి ముద్దలు చేసి నోటి దగ్గర పెట్టేది. ఒకటి తినేవాడు, రెండోదానికి తల తిప్పేసేవాడు. పప్పు పెడితే చీము పడుతుందని ఒకరు, వంకాయ పెడితే సలుపుతుందని ఒకరు, కొరమీను పులుసు పెడితే కండ పడుతుందని ఒకరు చెప్పిపోయేవారు. ఏది పెడితే ఏం, అసలు తినే మనిషి ఉంటే కదా!

చూడటానికి మాత్రం మనుషులు బాగానే వచ్చారు. మా లంకవాళ్ళు, పక్క లంకలవాళ్ళు, దోనెలు కట్టేసి వరుసగా వచ్చి వసారాలో కూర్చునేవారు. కొంతమంది అరటిపళ్ళు తెచ్చేవారు. కొంతమంది చేపలు తెచ్చి పెరటివైపు ఇచ్చేవారు. కాలు లేని చోట దుప్పటి పల్లంగా ఉండేది, దాని వంక చూడకుండా ఉండటానికి అందరూ దూలాల వంక చూసేవారు. కాసేపు నిట్టూర్చేవారు. తరువాత ఒకరి తరువాత ఒకరు చప్పుడు చేయకుండా లేచిపోయేవారు.

మొదట నేను గమనించలేదు. గమనించింది అన్నయ్యే.

ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక కళ్ళు తెరిచి, "ఏమే, వీళ్ళలో ఒక్కరైనా వెళ్ళొస్తామని చెప్పారా?" అన్నాడు.

వచ్చినవాళ్ళను ఒక్కొక్కళ్ళనే గుర్తు చేసుకుని చూశాను. మా వైపు ఎవరింటి నుంచి లేచినా 'వెళ్తాను' అనం. 'వెళ్ళొస్తాను' అంటాం. చంటిపిల్లలకు మొదట నేర్పే మర్యాద అదే. ఒక్క చావింట్లో మాత్రం ఆ మాట అనరు. మళ్ళీ వస్తానంటే మళ్ళీ అలాంటి పనిమీదే రావలసి వస్తుందని భయం. అక్కడ కాసేపు కూర్చుని, చెప్పకుండా లేచి వచ్చేస్తారు. మా వసారాలోంచి అందరూ అలాగే వెళ్తున్నారు.

"నాకు తెలియదనుకుంటున్నారు. నన్ను ఎప్పుడో పంపించేశారే వీళ్ళు. అమ్మా మీరూ ఇంకా ముద్దలు పెడుతున్నారు, అంతే" అన్నాడు అన్నయ్య. మర్నాడు ఆ ఒక్క ముద్ద కూడా తినలేదు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. దోనె విప్పి, గడ పట్టుకుని బయలుదేరాను. పెళ్ళయి గణపవరం వెళ్ళాక మళ్ళీ గడ పట్టలేదు, చేతులు బొబ్బలెక్కాయి. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ అడిగాను, "మా అన్నయ్య చచ్చాడా అండీ? చస్తే చెప్పండి, మేం కూడా ఏడుస్తాం" అని. ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "అయ్యో, అవేం మాటలమ్మా! మీకు మళ్ళీ ఇలాంటి కష్టం రాకూడదని కదా మేం ఆ మాట అనకుండా వచ్చింది" అన్నారు. నిజమే. వాళ్ళు మంచికే చేశారు. రక్తం చూసిన ఇల్లు కదా, ఇది ఏ లెక్కలోకి వస్తుందో తెలియక, ఎందుకైనా మంచిదని మెత్తగా లేచి వచ్చారు. ఆ మెత్తదనం మా అన్నయ్య పీక నులుముతోందని వాళ్ళకు తోచలేదు.

"ఈసారి వచ్చినప్పుడు వెళ్ళొస్తామని చెప్పండి. గట్టిగా, వాడికి వినబడేలాగ చెప్పండి" అని బతిమాలాను. కొందరిని బెదిరించాను కూడా.

అందరికంటే మొండికేసింది మాత్రం బాబాయిగారు. ఆయన మాకు రక్తసంబంధం కాదు, నాన్న స్నేహితుడు. పక్క లంకలో ఉండేవాడు. అన్నయ్యకు ఈత నేర్పింది ఆయనే. నేను చెప్పింది అంతా విని, తాటాకు చాప మీద గోళ్ళతో గీస్తూ, "నేను అనలేనమ్మా" అన్నాడు.

"ఎందుకనలేరండీ?"

"వయసులో ఉండగా ఒక ఇంట్లో నోరు జారి అనేశాను. పిల్ల పోయిన ఇల్లు. ఆ ఏడాదే మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది, ఆ పిల్ల తల్లి కోసం. అప్పటినుంచి అనుమానం ఉన్నచోట నోరు మూసుకుంటాను. మీ అన్న అంటే నాకు ప్రాణం. అందుకే అనను."

"మీరు అనకపోతే వాడు పోతాడు" అన్నాను. ఏడుస్తూ వచ్చేశాను.

మర్నాటి నుంచి జనం మళ్ళీ వచ్చారు. వచ్చి, కూర్చుని, లేచేటప్పుడు మా వసారా కప్పు ఎగిరిపోయేలా, "వెళ్ళొస్తామండీ! వెళ్ళొస్తాం బాబూ!" అని అరిచారు. పంతులుగారి ముందు ఎక్కాలు అప్పజెప్పినట్టు ఉంది ఆ వరస. ఒక పెద్దావిడ గుమ్మం దాకా వెళ్ళి, మరిచిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చి మరీ చెప్పింది. నేను సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అన్నయ్య నా వంక చూసి, "ఏం మాస్టారూ, బాగానే నేర్పారే పాఠం" అన్నాడు. కాలు పోయాక వాడు వేళాకోళం ఆడటం అదే మొదలు. అది సంతోషం కాదు, చేదు. అయినా వదిన తలుపు చాటునుంచి విని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ చేదులోంచే వాడికొక ఆలోచన పుట్టింది. వెళ్ళొస్తామన్న ప్రతివాళ్ళనూ, "ఎప్పుడొస్తారండీ?" అని అడగడం మొదలుపెట్టాడు. ఆ ప్రశ్న ఎవరూ ఎవరినీ అడగరు. ఆ మాటకు అసలు అర్థం ఉందని కూడా ఎవరూ అనుకోరు కదా! వచ్చినవాళ్ళు ఏదో ఒకటి చెప్పేవారు. "చూద్దాం బాబూ, నాట్లయ్యాక." "మా అబ్బాయి ఏలూరు నుంచి వచ్చాక." అన్నయ్య ఒక్కొక్కరి వంకా తేరిపార చూసి, కళ్ళు మూసుకునేవాడు. అందరినీ అబద్ధంలో పట్టుకోవడం వాడికి ఆ రోజుల్లో ఉన్న ఒకే ఒక్క పని. నేను కష్టపడి కూడగట్టిన జనం అలా చూస్తూ చూస్తూనే తగ్గిపోయారు. వాళ్ళను ఏమని తప్పుపట్టను? వానలు పట్టాయి, కొల్లేరు పొంగుతోంది, ఎవరి గట్లు వాళ్ళు చూసుకోవాలి.

అప్పుడు బాబాయిగారు వచ్చాడు. వానలో తడిసి, ఒక్కడే గడ వేసుకుంటూ. చాలాసేపు అన్నయ్య మంచం పట్టె మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. అందరిలా దూలాల వంక చూడలేదు. దుప్పటి తీయమని కట్టు చూశాడు, చూసి, "దేవుడు నిన్ను చాలా హింస పెట్టాడురా" అన్నాడు. ఆ మాటకు అన్నయ్య కళ్ళు తెరిచి ఆయన వంక చూశాడు. అంతమంది వచ్చారు గాని, ఆ ఒక్క ముక్క ఎవరూ వాడితో అనలేదు.

బాబాయిగారు లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "వెళ్ళొస్తానురా" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమయిందో నాకు తెలుసు.

"ఎప్పుడొస్తావు బాబాయ్?" అన్నాడు అన్నయ్య, అలవాటు ప్రకారం.

"ఆదివారం వస్తాను. నువ్వు లేచి కూర్చుని ఉండాలి మరి. పడుకున్నవాడితో నాకు మాటలు రావు."

ఆ వారమంతా మా ఇంట్లో గాలి మారింది. అన్నయ్య తినాలని తినలేదు గాని, పెడితే వద్దనలేదు. అమ్మ ముద్దలు చేసి పెడుతుంటే రెండు, మూడు, నాలుగు మింగాడు. వదిన వీపుకు దిండు పెట్టి కూర్చోబెడితే కాసేపు కూర్చుని, చెమటలు పట్టి వాలిపోయేవాడు. మళ్ళీ కూర్చోబెట్టమనేవాడు. ఆదివారం పొద్దున్నే గడ్డం గీయించుకుని, గోడకు ఆనుకుని, నీళ్ళ వంక చూస్తూ కూర్చున్నాడు.

పొద్దు పైకొచ్చింది. ఎవరూ రాలేదు. నీళ్ళ మీద దోనె అన్నది కనబడలేదు. అమ్మ తెచ్చిన కంచం పక్కకు తోసేశాడు.

"ఆయనా అంతే" అన్నాడు. "పడుకోబెట్టండి నన్ను."

నాకు మళ్ళీ కోపం ముంచుకొచ్చింది. ముసలాయన్ని జుట్టు పట్టుకుని అయినా తీసుకొస్తానని దోనె తీశాను. దారి పొడవునా ఆయనతో ఏమనాలో అనుకుంటూనే వెళ్ళాను. మాట ఇచ్చి తప్పడానికి మీకు మనసెలా ఒప్పిందండీ అని అడుగుదామనుకున్నాను.

ఆ ఇంటి ముందు జనం ఉన్నారు. వాకిట్లో పచ్చి వెదురు కోస్తున్నారు. నాకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. వానలో తడిసి వచ్చిన జ్వరం తగ్గనేలేదట. తెల్లవారుజామున పోయాడట. "మీ ఇంటికి కబురు పెట్టొద్దనుకున్నామమ్మా, మీ అన్నకి తెలిస్తే తట్టుకోలేడని" అన్నారు. అరుగు మీద ఎవరో ఆడమనిషి, నాకు వినబడుతుందని తెలిసో తెలియకో, "ఆ ఇంట్లో అనకూడని మాట అని వచ్చాడు, అది ఈయన్ని పట్టుకుంది" అంది. ఇంకెప్పుడైనా అయితే ఆవిణ్ణి దులిపేసేదాన్ని. జ్వరం వచ్చి పోయిన మనిషిని మాట చంపిందంటారేమిటండీ అని అడిగేదాన్ని. ఆ రోజు మాత్రం ఆయన కాళ్ళు ముట్టుకుని, కాసేపు అక్కడే కూర్చుని, ఎవరికీ చెప్పకుండా లేచి వచ్చేశాను.

దారిలో ఒకటే ఆలోచన, అన్నయ్యకు ఏం చెప్పాలి? ఊళ్ళో లేడని చెబుదామనుకున్నాను. ఏలూరు వెళ్ళాడని, వచ్చే ఆదివారం వస్తాడని. కాని మా రేవులో దోనె కట్టాక నా కాళ్ళు ఆగిపోయాయి. శవాన్ని ముట్టుకుని వచ్చాను. తల మీద నీళ్ళు పోసుకోకుండా ఇంట్లోకి ఎలా వెళ్తాను? మంచం మీద చిక్కి శల్యమైన మనిషి ఉన్నాడు, పైగా అమ్మ. వేరే దారి లేదు. కట్టుకున్న చీరతోనే కొల్లేట్లోకి దిగి తల ముంచాను. లేచి చూసేసరికి వసారాలోంచి అన్నయ్య నన్నే చూస్తున్నాడు.

పడుకోబెట్టమన్నవాడు గోడకు ఆనుకుని అలాగే కూర్చుని ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం, కట్టుబట్టలతో ఆడమనిషి తలస్నానం చేస్తే దానికి అర్థం ఏమిటో మా లంకల్లో చంటిపిల్లాడికి కూడా తెలుసు. నేను నీళ్ళోడుతూ వసారా మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

"బాబాయేనా?" అన్నాడు.

తల ఊపాను. అమ్మ లోపలినుంచి పరుగెత్తుకొచ్చి, వాడి ముందు చెప్పొద్దని నాకు సైగలు చేస్తోంది. అప్పటికే అయిపోయింది.

"ఎప్పుడు తీసుకెళ్తారు?"

"పొద్దు వాలే వేళకి."

కళ్ళు మూసుకున్నాడు. నేను భయపడ్డాను. ఇక ఇంతే, ఇక వీడు మాకు దక్కడు అనుకున్నాను. వాడు పక్కకు తోసేసిన కంచం ఇంకా అక్కడే ఉంది, మెతుకులు ఎండిపోతున్నాయి.

"అన్నం పెట్టమను" అన్నాడు.

మాకు అర్థం కాలేదు. అమ్మ, "ఏమిట్రా?" అంది.

"అన్నం పెట్టమ్మా. పాడె మొయ్యలేను సరే, చివరిదాకా కూర్చోనైనా కూర్చోవాలి కదా. తినకపోతే దోనెలో పడిపోతాను."

వదిన వడ్డించింది. అమ్మ ముద్ద చేయబోతే ఆమె చెయ్యి తోసేసి తానే కలుపుకున్నాడు. ఏడుస్తూ తిన్నాడు. కన్నీళ్ళు ముక్కు మీదుగా కంచంలో పడుతుంటే అలాగే కలుపుకుని తిన్నాడు. మారు అడిగాడు. నేను తడి చీరతోనే పక్కన చతికిలపడి, ఆ పెద్దాయన పోయినందుకు ఏడవాలో, అన్నయ్య తింటున్నందుకు దణ్ణం పెట్టుకోవాలో తెలియక, విసనకర్రతో ఈగలు తోలుతూ ఉండిపోయాను.