పేరు కొట్టని క్యూ

మారేడ్‌పల్లిలో మేము ఆడుకునే పూల్ పార్లర్ గోడకు ఒక పాత క్యూ, బంతులు కొట్టే కర్ర, వేలాడుతూ ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లు దాని గురించి అడిగితే, ఇంగ్లండ్ సరుకు, దొరల కాలం నాటిది అని ఎవరో ఒకరు చెప్పేవారు. ఆ మాట మొదట అన్నది నేను. అది తప్పు. ఆ రోజే తప్పని నాకు అనుమానం వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

కంటోన్మెంట్‌లో ఒక క్లబ్బు మూతపడినప్పుడు పార్లర్ యజమాని అక్కడి పాత సామాను తెచ్చాడు. గుడ్డ చిరిగిన బల్ల, వంకరపోయిన కర్రలు, వాటి మధ్య ఇది. పిడి నల్లటి జిట్రేగి చెక్క. పైనున్న లేతరంగు కర్రను కోణాలు తీసి ఆ పిడిలోకి దింపారు. అతుకు దగ్గర గోరు కూడా పట్టదు. రెండు ముక్కలను కలిపేది ఒక ఇత్తడి మర. చేసినవాళ్లు మామూలుగా పిడి చివర పేరో గుర్తో కొడతారు. దీని మీద ఎక్కడా ఏమీ లేదు.

క్యూల సంగతి నాకు తెలుసని అక్కడ అందరికీ నమ్మకం. ఎవరు కొత్తది కొన్నా నా చేతిలో పెట్టి నా ముఖం వైపు చూసేవారు. ఆ చూపులు నాకు అలవాటైపోయాయి. ఆ సాయంత్రం కూడా యజమాని దీన్ని నా చేతికిచ్చాడు. "ఇది మన ఊరి పని కాదు. ఇంగ్లండ్‌ది," అన్నాను. మా ఊళ్లో పాతదీ, బాగున్నదీ, పేరు లేనిదీ ఏది కనిపించినా దొరలదే అనేస్తాం. సాక్ష్యం ఎవరూ అడగరు.

మర విప్పి చూద్దామంటే కదలలేదు. చేతులు మారింది, ఎవరి వల్లా కాలేదు. జామ్ అయింది, నూనె పోయాలి అన్నాను. అప్పుడు వెనక బెంచీ మీద చాయ్ తాగుతున్న, మేమంతా 'అన్న' అని పిలిచే ఆయన తలెత్తాడు.

"ఉల్టా తిప్పు తమ్మీ, వస్తది."

తిప్పాను. వచ్చింది.

అన్న మా అందరికంటే పెద్దవాడు. ఒక కార్ఖానాలో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. అల్వాల్ నుంచి బస్సులో వచ్చేవాడు. ఆట అంతంతమాత్రం, మాటలు కోటలు దాటేవి. మూసీలో మొసలిని పట్టానని చెప్పేవాడు, ఒక మంత్రిగారి కారు నడిరోడ్డు మీద ఆగిపోతే పిన్నీసుతో బాగుచేశానని చెప్పేవాడు. ఆయన మాటలకు నవ్వడం మాకు ఆటలో భాగం.

"నీకెట్ల తెల్సు?" అని యజమాని అడిగాడు.

"నేను చేసిందే గదా. ఆ క్లబ్బుల ఆడే కెప్టెన్ సాబ్ అడిగితే చేసిచ్చిన."

అందరూ నవ్వారు. "రైలింజన్ సుత నువ్వే చేసినవంట గదా అన్నా," అన్నాడొకడు.

"అది జెర పెద్దది, టైమ్ పట్టింది. ఇది మాత్రం నాదే."

"మరి పేరెందుకు కొట్టలేదు? ఊరికే వదిలే మనిషివి కాదే," అన్నాను నేను. ఇంకా నవ్వారు.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఇత్తడి కార్ఖానాది. మిషన్ కార్ఖానాది. తిండి టైమ్‌ల చాటుంగ చేసిన. పేరు కొడితే నౌకరీ పోతుండె."

గొప్పలు చెప్పుకునే మనిషి తన దొంగతనం తానే ఎందుకు బయటపెట్టుకుంటాడు? ఆ ప్రశ్న నాకు అప్పుడే తట్టింది. మర ఎటు తిరుగుతుందో ఆ గదిలో ఆయనకొక్కడికే తెలుసన్నదీ తట్టింది. కానీ నేను అప్పటికే ఇంగ్లండ్ అనేశాను, అందరూ నా వైపే చూస్తున్నారు. "ఇలా ఉల్టా తిరిగే ఎడమ మర పాతకాలం ఇంగ్లండ్ పనివాళ్ల పద్ధతి. తెలిసినవాళ్లకే తెలుస్తుంది," అన్నాను. అలాంటి పద్ధతి గురించి నేనెక్కడా వినలేదు. అక్కడికక్కడే పుట్టించాను.

అన్న చాయ్ డబ్బులు బెంచీ మీద పెట్టాడు. "అట్లనా తమ్మీ. నువ్వు తెల్సినోనివి," అని లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత పార్లర్‌కు రాలేదు. దూరం, వయసు అనుకున్నాం. నేనూ అలాగే అనుకోవాలని చూశాను.

ఏళ్లు గడిచాక, ఆయన కిందపడి తుంటి విరిగిందని తెలిసి అల్వాల్ వెళ్లాను. అన్న పడుకుని ఉన్నాడు. వదిన చాయ్ పెడుతూ వంటింట్లోకి పిలిచింది.

"ఆ చక్కెర డబ్బా మూత జెర తియ్యి తమ్మీ, నా చేతులల్ల తాకత్ లేదు."

బరువైన ఇత్తడి డబ్బా. మూత తిప్పాను. ఇంకా బిగుసుకుంది.

"ఉల్టా తిప్పాలె. ఈయన చేసినవన్నీ గంతే. పిల్లలు చక్కెర బుక్కుతున్నరని గిట్ల చేసిండు. పిల్లలు రెండు దినాలల్ల నేర్చుకున్నరు, తక్లీఫ్ నాకు మిగిలింది."

ఉల్టా తిప్పాను. వచ్చింది. పార్లర్‌లో ఉన్న క్యూ గురించి ఎలాగో మొదలుపెట్టాను.

"నాకెర్కే," అంది వదిన, చాయ్ వడపోస్తూ. "ఆ దినం ఇంటికొచ్చి అన్నం తినలె. నిజం చెప్పిన నాడు సుత నవ్విండ్రు అన్నడు."

మంచం పక్కన కూర్చుని అన్నకు చెప్పాను. ఆ క్యూ నువ్వు చేసిందే, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను అన్నాను. ఆయన మర్యాదగా విన్నాడు. జ్ఞాపకం సరిగా ఉండడం లేదని వదిన ముందే చెప్పింది.

"అది ఇంగ్లీషోళ్లది తమ్మీ," అన్నాడు ఓపిగ్గా. "ఎడమ మర వాళ్లే ఏస్తరు. క్యూల సంగతి తెల్సినాయన ఒకాయన మా కాడికి వస్తుండె. ఆయన చెప్పిండు."

మర్నాడు పార్లర్‌లో ఆట ఆపించి జరిగినదంతా చెప్పాను. "అట్లనా, నువ్వంటే అంతే మరి," అన్నారు. ఒక్కరూ క్యూను గోడ మీంచి దించి చూడలేదు. అప్పుడు అబద్ధాన్ని నమ్మినంత తేలిగ్గానే నిజాన్నీ నమ్మారు.

యజమానిని అడిగి దాన్ని అల్వాల్ తీసుకెళ్లి అన్న ఒళ్లో పెట్టాను. ఆయన అతుకు మీద బొటనవేలు జరిపాడు, పిడిని వెలుతురుకు తిప్పి చూశాడు.

"మంచిగ చేసిండ్రు. ఎవరో గని, చెయ్యి తిరిగినోడు."

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. "నువ్వే చేసినవు," అంది గట్టిగా, చెవిలో పడేలా. "ఆ తమ్ముడే ఒప్పుకుంటున్నడు. నువ్వే చేసినవు."

అన్న నా వైపు ఒకసారి చూసి, ఆమెను చేత్తో వారించాడు.

"ఊకోవే. నలుగురు ఇంటే నవ్వుతరు."