సీజన్ లేని చారాణ

ఏసయ్యను ఎరిగినవాళ్లు ఇప్పుడు బోధన్‌లో ఎక్కువమంది లేరు. చక్కెర ఫ్యాక్టరీ యార్డులో బండ్ల మీది చెరుకు మోపులు దించే పని ఆయనది. చలి మొదలయ్యేవేళ సైరన్ కూస్తే సీజన్ వచ్చినట్టు. ఎండలు ముదిరాక మిషన్లు ఆగితే, మళ్లీ ఆ కూత వినపడేదాకా కూలి లేదు. సీజన్లో కొని గాదెలో పోసిన జొన్నలే మిగతా నెలలకు ఆధారం.

ఆ నెలల్లో ఆయన ఎవరి పొలానికీ పోయేవాడు కాడు. తాత, తండ్రి బాపురావు పటేల్ దగ్గర పాలేర్లుగా జీతం ఉన్నవాళ్లే. ఏసయ్య కూడా పన్నెండేళ్లు ఉన్నాడు. ఫ్యాక్టరీలో పేరు రాసుకున్న రోజున పటేల్ వాకిట్లో పార పెట్టి, ఇక ఈ గట్టు తొక్కనని చెప్పి వచ్చాడు. ఖాళీ కడుపుతో అరుగు మీద కూర్చున్న రోజుల్లో కూడా ఆ మాట ఆయనకు అన్నమంత బలంగా ఉండేది.

పందొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలంలో భార్య జ్ఞానమ్మ జ్వరంతో పోయింది. పోయే ముందు ఒకటే కోరింది, విమలను పెద్దబడికి పంపమని. జూన్‌లో ఏసయ్య కూతుర్ని ఆరో తరగతిలో చేర్చాడు.

వారం తిరగకముందే ఒక సాయంత్రం విమల తింటున్న రొట్టె చేతిలోనే పట్టుకుని అంది. "బాపూ, నడిమిట్ల బెల్లు కొడితే అందరు బఠాణీలు కొనుక్కుంటరు."

ఏసయ్య గాదెలో మిగిలిన జొన్నల వైపు చూశాడు. "సీజన్ రానీ బిడ్డా" అన్నాడు.

సీజన్ వచ్చింది. కానీ పైసలు చేతికివ్వడానికి ఆయనకు మనసొప్పలేదు. పదకొండేళ్ల పిల్లకు పైసలెందుకు? బఠాణీల కన్నా చెరుకు మేలు కాదా? తెలిసిన బండివాళ్లను అడిగి మంచి గడ తెచ్చి, కణుపులు చెక్కి, రెండు ముక్కలు రోజూ ఆమె సంచిలో పెట్టేవాడు. విమల వాటిని సంచితో పాటే తీసుకుపోయేది. ఆయన సంతోషపడ్డాడు.

ఒకరోజు ఆయన గూట్లో చెక్కి పెట్టిపోయిన ముక్కలను ఆమె ఇంట్లోనే మరిచిపోయింది. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన ఏసయ్య వాటిని తీసుకుని బెల్లు వేళకు బడికి పోయాడు. గేటు ముందు బఠాణీల బండి చుట్టూ పిల్లలు మూగి ఉన్నారు. వాళ్లలో విమల లేదు. వెతుక్కుంటూ గోడ వెనక్కి పోయాడు. అక్కడ ఆమె ఒంటరిగా నిలబడి, నిన్న మిగిలిన ముక్కను గబగబా నములుతోంది. ఉమ్మిన పిప్పిని ఎవరూ చూడకుండా కాలితో మట్టిలోకి తొక్కుతోంది. బండ్ల వెనక పడి చెరుకు ఏరుకునే పిల్ల అంటారని ఆమె భయమని ఏసయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పిలవకుండా వెనుదిరిగాడు.

ఆ రాత్రి లెక్క వేసుకున్నాడు. రోజుకు అయిదు పైసలు. శనివారం ఒంటిపూట బడి, నడిమి బెల్లు ఉండదు. వారానికి చారాణ, ఒక పావలా బిళ్ల. సోమవారం పొద్దున ఆమె అరచేతిలో పెట్టాడు. ప్రతి సోమవారం పెట్టాడు. ఏప్రిల్‌లో మిషన్లు ఆగాయి.

సెలవులైపోయి బడి తెరవడానికి రెండు రోజుల ముందు ఆయన బాపురావు వాకిట్లోకి పోయాడు. పటేల్ మంచం మీద నుంచి లేవలేదు. "గీ గట్టు మల్ల తొక్కనంటివి గదరా" అన్నాడు.

"నేనే అంటి పటేలా. ఏ మడి కాడికి పోవాల్నో చెప్పుండ్రి."

పటేల్ మూలనున్న పార చూపించాడు.

సోమవారం చారాణ ఇస్తుంటే విమల చేయి చాపలేదు. "సీజన్ లేదు గద బాపూ."

"నీ బడికి సీజన్ ఉంటదా బిడ్డా? పట్టు."

ఆమె చూపు ఆయన మోకాళ్ల దాకా ఎండిన నల్ల మట్టి మీద పడింది. చేయి చాపింది.

పటేల్ పొలానికి దగ్గరి దారి బడి ముందు నుంచే. ఆ బురద కాళ్లతో పిల్లల కంట పడొద్దని ఏసయ్య కాలువ కట్ట మీదుగా చుట్టు తిరిగి పోయేవాడు. శ్రావణంలో వాన పట్టుకుని కట్ట తెగింది. తప్పక బెల్లు వేళకు బడి ముందు నుంచే వస్తూ, భుజాన పారతో, తల దించుకుని బఠాణీల బండి దాటబోయాడు.

"బాపూ."

అందరి మధ్య నుంచి విమల గట్టిగా పిలిచింది. పిల్లలు తిరిగి చూశారు. ఆమె వాళ్లను తోసుకుంటూ వచ్చి పొట్లం ముందుకు చాపింది. ఏసయ్య పార కింద పెట్టాడు. చేతిని రుమాలుకు రెండుసార్లు తుడుచుకుని, నాలుగు గింజలు తీసుకున్నాడు.