దగ్గరికొచ్చిన పిట్టలు

నాకు నీళ్లంటే భయం. మా ఆయనకు పిట్టలంటే పిచ్చి. వడమాలపేటలో పుట్టి పెరిగినవాళ్లం, ఇద్దరికీ ఈత రాదు. జిల్లాలు విడగొట్టాక మా తిరుపతికీ సముద్రం దక్కిందని, చలికాలంలో అక్కడి ఒడ్డు రాళ్ల మీదికి యాడాడి పిట్టలో వస్తాయని ఆయన ఒకటే సంబరం. చెవినిల్లు కట్టుకొని పోరితే పోయిన జనవరిలో వెంట వెళ్లాను.

అలలు ఒడ్డును కోసేయకుండా పోసిన బండరాళ్లు వరసగా సముద్రంలోకి పోయాయి. మధ్యలో ఒకచోట కుంగి, చీలమండ లోతు నీళ్లున్నాయి. అక్కడి రాళ్లకు నడుమెత్తున పచ్చగా పాచి. నేను జంకితే ఆయన నవ్వాడు.

“అది వానల్లో నిండిన గుర్తు మే. మన చెరువుకు లేదా? ఇంక మళ్లా వానలకే నీళ్లెక్కేది.”

నిజమే అనిపించింది. నాకు తెలిసిన నీళ్లు కూడా చెరువు నీళ్లే కదా! దాటిపోయి చివరి రాయి మీద కూర్చున్నాం.

పిట్టలు మాత్రం ముచ్చటగా ఉన్నాయి, అబద్ధమెందుకు? రాళ్ల సందుల్లో గుల్లలను ముక్కుతో తిరగేసి పురుగులు ఏరుకుంటున్నాయి. పొద్దెక్కేకొద్దీ ఒక్కొక్కటే ఎగిరి మావైపు రాసాగాయి.

“సూడు సూడు, మనకు మచ్చికైపోయినాయి,” అని ఆయన గుసగుసలాడాడు.

ఒకటి నా కాలికి మూరెడు దూరంలో వాలింది. అప్పుడు చూశాను. అవి ఇంతసేపూ మేసిన రాళ్లు కనబడటం లేదు.

“యోవ్! మచ్చికా లేదు, మన్నూ లేదు. ఆడ నీళ్లెక్కతా ఉండాయి!”

వెనక్కి తిరిగి చూశాను. కుంగినచోట నీళ్లు పాచిదాకా వచ్చి సుళ్లు తిరుగుతున్నాయి. ఆ పాచి వానల గుర్తు కాదు, రోజూ ఎక్కే సముద్రపు పోటుది. ఒడ్డున మనిషి జాడ లేదు.

“నువ్వు ముందు పో. రాళ్లు పట్టుకోని పో. నేనెనక వస్తా,” అన్నాడు ఆయన.

“నేను పోను. సస్తే ఇద్దరం సస్తాం.”

ధైర్యంతో అన్న మాట కాదది. ఒక్కదాన్నే ఆ నీళ్లలోకి దిగాలంటే ప్రాణం పోతోంది. ఆయన తిట్టాడు, నేనూ తిట్టాను. చివరికి నేను ఆయన చొక్కా గుప్పిట్లో పట్టుకున్నాక ఇద్దరం ఒకేసారి దిగాం. నీళ్లు నడుముదాకా, అలలొస్తే రొమ్ముదాకా వచ్చాయి. ఒక అల మీదపడి ఆయన కాలు జారింది, తల మునిగిపోయింది. చొక్కా పర్రున చిరిగింది. జుట్టు దొరకబుచ్చుకొని గుంజాను. ఉప్పునీళ్లు కక్కుతూ లేచాడు. అక్కణ్ణించి ఎలా దాటామో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి.

ఇసుకలో కూలబడి నోటికొచ్చినవన్నీ తిట్టాను. ఆయన చిరిగిన చొక్కా పిండుకుంటూ కూర్చున్నాడు. బస్సెక్కాక మనసాగక, “భయమేసిందా?” అని అడిగాను.

“మునిగినప్పుడు కాదు మే,” అన్నాడు. “నువ్వు పొమ్మంటే పోకుండా నిలబడితివే, అప్పుడేసింది.”