తెల్లచుక్కల నల్లగుడ్డ

ఎండుచేపల వాసన తగిలితే ఇప్పటికీ నాలో అనుమానం మేలుకుంటుంది. ఆ జబ్బు అంటించింది మా డాక్టరు విశ్వనాథం గారు. అరవైల చివర్లో, భావనపాడు దగ్గర చిన్న ఆసుపత్రిలో ఆయన కింద నర్సుగా చేరాను. అబ్బో, ఎంత అనుమానం మనిషో! చేతికి ఏమిచ్చినా వాసన చూడందే తీసుకునేవారు కాదు. నేను కొలిచిన మందునూ వదిలేవారు కాదు. ఒళ్లు మండి, "నన్ను కూడా నమ్మరా?" అని అడిగేశాను. "నన్నే నేను నమ్మను సిస్టరమ్మా" అన్నారు.

ఒక పొద్దున నూకరాజును మంచం మీద మోసుకొచ్చారు. పాతికేళ్ల జాలరి, దుక్కలా ఉండేవాడు. పడవ ముక్కు కింద ఓ మూట దొరికిందట. విప్పితే నిమ్మకాయ, కుంకుమ, తలవెంట్రుకలు. "సిల్లంగెట్టీసారు! నా పనైపోనాది" అంటూ అక్కడే కూలిపోయాడట. ఆ మూటతో సహా మోసుకొచ్చారు గానీ, మా దగ్గరికి వచ్చేసరికే ప్రాణం లేదు.

"ఆ ఎర్రమ్మే సేసినాది బాబూ! మొన్న వల కాడ తగువులో 'మట్టిగొట్టుకుపోతావురా' అని తిట్టినాది!" అని తల్లి పోలమ్మ గుండెలు బాదుకుంది. అంతే, జనం ఎర్రమ్మను ఆసుపత్రి వాకిట్లోకి ఈడ్చుకొచ్చారు. నా అన్నవాళ్లు లేని విధవ. చిల్లంగి అంటే చేతబడి. అది పెట్టినవాళ్ల పళ్లు రాలగొడితే ఇక మంత్రం పారదని ఆ వైపు నమ్మకం. ఒకడు అప్పటికే రాయి పట్టుకున్నాడు.

డాక్టరు గారు మొదట విషమనుకున్నారు. నోరు చూశారు, గోళ్లు చూశారు, ఏం తిన్నాడని ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగారు. ఏమీ తేలలేదు. "భయం పుట్టేది తలలో. ఆ కబురు నరాల వెంట గుండెకు పోతుంది. మరీ పెద్ద కబురైతే గుండె తట్టుకోలేదు" అని నాతో మెల్లగా అన్నారు. "ఏదీ, ఆ మూట ఇలా ఇవ్వు."

తెల్లచుక్కల నల్లగుడ్డ. దాన్ని వెలుతురులో తిప్పి చూసి, పోలమ్మ వైపు చూశారు. నేనూ చూశాను. ఆమె కట్టుకున్నదీ తెల్లచుక్కల నల్లచీరే. కొంగు మూల చిరిగి ఉంది.

ఆమెను లోపలికి పిలిచి తలుపు వేశారు. "నువ్వే కట్టావు కదమ్మా?"

"తిట్టు తగలకుండా రక్షగా కట్టినాను బాబూ. ఎవులికీ సెప్పీకు, సెప్తే పన్జెయ్యదన్నాడు మంత్రగాడు. ఆడికి దొరికినది ఎర్రమ్మ ఎట్టినదనుకున్నాను..." అంటూనే ఆమె ఆగిపోయింది. "అయితే నా బిడ్డని నానే..."

"ఆ మాట మళ్లీ అనకు" అని, డాక్టరు గారు బయటికి వెళ్లారు. "ఆ మూట నేను కట్టించాను. దిష్టి తగలకుండా. ఎర్రమ్మను వదలండి."

"నువ్వా బాబూ?" రాయి పట్టుకున్నవాడి చెయ్యి దిగింది. ఎర్రమ్మ పళ్లు దక్కాయి. జనం మాత్రం ఆయన గుమ్మం ముందు ఉమ్మి వెళ్లిపోయారు. ఆ తరువాత ఆ ఊరివాళ్లు ఒక్కరూ ఆసుపత్రి మెట్లెక్కలేదు.

"ఎందుకండీ మీకీ అబద్ధం?" అని ఏడుస్తూ అడిగాను.

"నిజం చెబితే ఊరంతా ఆవిణ్ణి కొడుకును చంపుకున్నదానా అంటుంది. ఆ కబురుకు ఆవిడ గుండె మాత్రం తట్టుకుంటుందా?"

కొన్నాళ్లకే ఆయన్ని బదిలీ చేశారు. ఆయన్ని బస్సెక్కించడానికి నేనొక్కదాన్నే వెళ్లాననుకున్నాను. పోలమ్మ వచ్చింది. ఎండుచేపల మూటొకటి ఆయన చేతిలో పెట్టింది. తెల్లచుక్కల నల్లగుడ్డలో కట్టింది. నేను ఆయన ముఖమే చూస్తున్నాను.

రోగికి ఏ మాట చెప్పబోయినా, ఇది ఎవరి గుండెకు చేరుతుందోనని ఈనాటికీ ముందు నన్నే నేను అనుమానించుకుంటాను. కానీ ఆ రోజు మాత్రం డాక్టరు గారు ఆ మూటను వాసన చూడకుండానే సంచిలో పెట్టుకున్నారు.