చందనం ఒలిచే సెట్టింగు

మా షిఫ్టు బస్సులో నా పక్క సీట్లో కూర్చునే అతనికి, ఎవరి ఫోనైనా నెమ్మదిగా తెరుచుకుంటే చేతులు దురదపెట్టేవి. అడక్కుండానే లాక్కుని, సెట్టింగుల్లో బిల్డ్ నంబరు మీద టకటకా కొట్టి, డెవలపర్ ఆప్షన్లు తెరిచి, యానిమేషన్లన్నీ ఆపేసేవాడు. అప్పటిదాకా వయ్యారంగా జారుతూ వచ్చే తెరలు ఠక్కున ఎదుట నిలబడేవి.

"ఏడాదికోపాలి కొండమీద అప్పన్నసామికి సందనం ఒలుత్తారు కదా బావ, అలాగ ఒలిసీసినాను. ఇక నిజరూపమే," అనేవాడు. కూర్మన్నపాలెం వచ్చేసరికి బస్సులో సగంమందికి ఆ దర్శనం అయిపోయేది.

ఒకరోజు గాజువాకలో తన పెళ్ళిచూపులకి నన్ను తోడు రమ్మన్నాడు. అక్కడ ఎవరి ఫోనూ ముట్టుకోవద్దని దారిపొడుగునా చెప్పాను. కాఫీ ఇంకా రాకముందే పిల్ల తండ్రి ఫోను అతని చేతిలో ఉంది.

తిరిగి అందుకున్న పెద్దాయన కంగారుపడ్డాడు. "ఏటిది బాబూ, వేలు పెడితే గెంతుతంది? పాడు సేసీసినావేటి?"

సంబంధం పోయిందనుకున్నాను. ఇంతలో కాఫీలు పట్టుకొచ్చిన పిల్ల, తండ్రి భుజం మీదుగా ఫోన్లోకి తొంగిచూసింది.

"పాడవలేదు నాన్నా, యానిమేషన్లు తీసీసినారు," అని, అతని వైపు తిరిగి, "నా ఫోన్లో నాను ఎప్పుడో తీసీసినానండి," అంది.

బస్సునిండా ఫోన్లు పరిగెత్తించిన మనిషి కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నేను మోచేత్తో పొడిస్తేగాని "నాకిష్టమే" అన్న మాట బయటికి రాలేదు. అదైనా వయ్యారంగా, జారుతూ జారుతూ వచ్చింది.